ఈ సూది ఏ నడుముకు?

యాంటీబాడీ ఇంజెక్షన్‌తో నడుం నొప్పి మాయమవుతుందన్న మాట వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చేసింది. అందులో నిజం లేకపోలేదు. కాకపోతే అది ఒక రకం నడుం నొప్పి విషయంలోనే నిజం. మనది ఏ రకమో తేలకుండా సూది దాకా వెళ్తే డబ్బు పోతుంది, నొప్పి మిగులుతుంది.

విశాఖలో దువ్వాడ నుంచి గాజువాక దాకా నడుం నొప్పి మాట వినపడని ఇల్లు తక్కువ. ఉక్కు కర్మాగారంలో క్రేన్ మీద కూర్చునేవాళ్లు, పోర్టు సరుకు తోలే లారీ డ్రైవర్లు, సెజ్‌లో షిఫ్టంతా ఒకే భంగిమలో పనిచేసే ఆడపిల్లలు, పరవాడ ఫార్మాసిటీలో డ్రమ్ములు దొర్లించేవాళ్లు... అందరూ చెప్పేది ఒకటే: ‘నడుం పట్టేసింది’. మందుల షాపులో దొరికే మాత్రా ఇంచుమించు ఒకటే. ఆ తర్వాత బెల్టు, ఆ తర్వాత ఎమ్మారై, చివరికి ‘ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ దగ్గర డిస్కు జారింది’ అన్న తీర్పు.

మన వీధిలో రోజూ కనిపించే రెండు రకాల మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టి చూద్దాం.

మొదటి మనిషికి నలభై ఎనిమిదేళ్లు. బస్తా ఎత్తబోయిన రోజు నడుములో కలుక్కుమంది. మర్నాటికి నొప్పి పిరుదులోంచి తొడ వెనకగా, పిక్క మీదుగా కాలి బొటనవేలి దాకా దిగింది. దగ్గినా తుమ్మినా కాలు జివ్వున లాగుతుంది. వేళ్లకు తిమ్మిరి. పడుకుంటే కాస్త నయం.

రెండో మనిషికి ఇరవై ఆరు. నొప్పి ఎప్పుడు మొదలైందంటే చెప్పలేడు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నొప్పితోనే మెలకువ వస్తుంది. లేచాక అరగంట, గంట దాకా నడుం వంగదు. ‘ఏ’ షిఫ్టుకు వెళ్లి పనిలో పడ్డాక సర్దుకుంటుంది. సెలవు రోజు ఇంట్లో పడుకుంటే మళ్లీ బిగుస్తుంది. పిరుదుల్లో నొప్పి కొన్నాళ్లు కుడివైపు, కొన్నాళ్లు ఎడమవైపు. కానీ మోకాలు దాటి కిందికి దిగడం అరుదు.

ఇద్దరికీ అదే మాత్ర, అదే బెల్టు, అదే ‘బరువులెత్తకు, మంచం దిగకు’ అన్న సలహా. నిజానికి రెండోవాడికి మంచమే శత్రువు. ఇప్పుడు అందరూ అడుగుతున్న యాంటీబాడీ సూది కూడా ఈ ఇద్దరిలో ఒకరి జీవితాన్నే మార్చగలదు. ఎవరి జీవితాన్నో తేల్చడానికి పరిశోధకులకు ఏళ్లు పట్టింది.

నరం నొక్కుకుంటేనే నొప్పా?

1934లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి శస్త్రవైద్యులు విలియం మిక్స్టర్, జోసెఫ్ బార్ ఒక వ్యాసం ప్రచురించారు. కాల్లోకి దిగే నొప్పికి, అంటే సయాటికాకు, చిట్లిన డిస్కు నరాన్ని నొక్కడమే కారణమని అందులో చూపించారు. రెండు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు అచ్చం తాటిముంజే. బయట గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు. పొర చిట్లితే గుజ్జు బయటికి తన్నుకొచ్చి పక్కనున్న నరం వేరుమీద పడుతుంది. నొక్కుతున్నదాన్ని తీసేస్తే నొప్పి పోవాలి. ఆ లెక్కతోనే డిస్కు ఆపరేషన్లు ప్రపంచమంతా పాకాయి.

లెక్క అన్నిచోట్లా సరిపోలేదు. డిస్కు బాగా ఉబ్బి కూడా నొప్పి ఎరగనివాళ్లున్నారు. చిన్న చిట్లుకే కుంటేవాళ్లున్నారు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లను పోగుచేసి 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం యాభై ఏళ్లవాళ్లలో 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఇరవై ఏళ్లవాళ్లలోనూ 30 శాతం మందికి ఉంది. అంటే ఎమ్మారై కాగితం మీది ‘బల్జ్’ అన్న మాట ఒక్కటే నొప్పికి సాక్ష్యం కాదు.

1993లో స్వీడన్‌లోని గొథెన్‌బర్గ్‌లో షెల్ ఓల్మార్కర్ బృందం పందుల మీద ఒక ప్రయోగం చేసింది. డిస్కు గుజ్జును తీసి నరం వేళ్ల మీద ఊరికే ఉంచారు, నొక్కలేదు. అయినా నరం దెబ్బతింది, సంకేతాలు మోసే వేగం తగ్గింది. గుజ్జులో ఏదో రసాయనం ఉండాలి. 1998కి ఓల్మార్కర్ దాని ఆచూకీ పట్టారు. అదే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, పొట్టిగా టీఎన్‌ఎఫ్. దాన్ని అడ్డుకునే మందు ఇస్తే జంతువుల్లో నరానికి హాని తగ్గింది.

ఆ మందు అప్పటికే సిద్ధంగా ఉంది. కానీ దాన్ని తయారుచేసింది నడుం నొప్పి కోసం కాదు.

కీళ్లవాతం నుంచి నడుముకు

1975లో రెండు పనులు వేర్వేరు చోట్ల జరిగాయి. న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం కణితిని కుళ్లబెట్టే ఒక పదార్థాన్ని గుర్తించి టీఎన్‌ఎఫ్ అని పేరు పెట్టింది. కేంబ్రిడ్జిలో సెసార్ మిల్‌స్టీన్, జార్జెస్ కోలర్ ఒకే లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీలను ప్రయోగశాలలో ఎంత కావాలంటే అంత పుట్టించే దారి కనిపెట్టారు. దానికి 1984లో నోబెల్ వచ్చింది. ఈ రెండు దారులూ కలిసింది 1989లో. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో యాన్ విల్చెక్, జున్‌మింగ్ లీ టీఎన్‌ఎఫ్‌ను పట్టి ఆపేసే యాంటీబాడీని తయారుచేశారు. అదే ఇవాళ్టి ఇన్‌ఫ్లిక్సిమాబ్.

టీఎన్‌ఎఫ్ మన శరీరం తయారుచేసుకునేదే. ఎక్కడైనా సూక్ష్మజీవి చొరబడితే రక్తకణాలను అక్కడికి పిలిచి వాపు, మంట పుట్టిస్తుంది. శత్రువు లేకపోయినా అది ఆగకుండా ఊరితే మన కీళ్లే దానికి ఆహుతి అవుతాయి. కీళ్లవాతంలో జరిగేది ఇదేనని నమ్మిన ఇద్దరు వైద్య శాస్త్రజ్ఞులు, మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, 1992లో లండన్‌లో తొలిసారి ఈ యాంటీబాడీని రోగులకు ఎక్కించారు. ఏళ్ల తరబడి చేతులు ముడుచుకుపోయినవాళ్లు వారాల్లో తేరుకున్నారు. 2003లో ఇద్దరికీ లాస్కర్ బహుమతి దక్కింది.

కీళ్లలో పనిచేసింది నడుములో ఎందుకు పనిచేయదు? ఫిన్‌లాండ్ వైద్యులకు ఆ ప్రశ్న రానే వచ్చింది.

67, 63

ఫిన్‌లాండ్‌లోని ఔలు నగరంలో యాకో కర్పినెన్ బృందం డిస్కు నొప్పి కాల్లోకి దిగిన పదిమందికి ఒక్కో మోతాదు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించింది. 2003లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. నొప్పి త్వరగా తగ్గింది, చాలావరకు తగ్గే ఉంది. ఆపరేషన్ లేని రోజులొచ్చాయనుకున్నారు.

అయితే ఆ పదిమందికీ తామేం పుచ్చుకున్నారో తెలుసు, ఇచ్చినవాళ్లకూ తెలుసు. కాబట్టి అదే బృందం రెండోసారి కట్టుదిట్టంగా పరీక్ష పెట్టింది. నలభైమందిని తీసుకుని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు ఇన్‌ఫ్లిక్సిమాబ్, రెండో జట్టుకు ఉత్త సెలైన్. ఎవరికేది వెళ్లిందో ఎవరికీ తెలియదు. ఏడాది తర్వాత చూస్తే నొప్పి లేనివాళ్లు మందు జట్టులో 67 శాతం, సెలైన్ జట్టులో 63 శాతం. ఆ తేడాకు అర్థం లేదు.

మందు పనిచేయలేదనడం కంటే సెలైన్ ఎక్కించుకున్నవాళ్లు కూడా అంతే బాగుపడ్డారనడం సబబు. డిస్కు నొప్పికి ఉన్న గుణమే అది. బయటికొచ్చిన గుజ్జును శరీరం పరాయి వస్తువుగా గుర్తించి, రక్తకణాలను పంపి, వారాల్లో నెలల్లో అరగించేస్తుంది. ఆ అరగించే పనికీ వాపే సాధనం.

మరికొందరు వేరే దారులు తొక్కారు. స్విట్జర్లాండ్‌లో స్టెఫాన్ జెనెవే బృందం 61 మందిపై టీఎన్‌ఎఫ్‌ను ఆపే మరో యాంటీబాడీ అడాలిముమాబ్‌ను పరీక్షించి 2010లో ఫలితాలు చెప్పింది. కాలినొప్పిలో కొద్దిపాటి మేలు, ఆపరేషన్ అవసరం కొంత తక్కువ. అమెరికాలో స్టీవెన్ కోహెన్ బృందం టీఎన్‌ఎఫ్‌నే అడ్డుకునే ఎటనర్‌సెప్ట్‌ను నేరుగా వెన్ను దగ్గరికే సూదితో పంపింది. 84 మందితో చేసిన ఆ పరీక్ష 2012లో వెలువడింది. స్టెరాయిడ్ సూదిని గానీ, సెలైన్‌ను గానీ అది దాటలేకపోయింది. అందుకే ఇవాళ్టికీ డిస్కు సయాటికాకు టీఎన్‌ఎఫ్ సూదులు ప్రామాణిక చికిత్సల పట్టికలోకి ఎక్కలేదు.

53, 9

ఇప్పుడు ఆ ఇరవై ఆరేళ్ల కుర్రాడి దగ్గరికి వద్దాం. అతని జబ్బు డిస్కుది కాదు. వెన్నెముక అడుగున త్రికాస్థి, కటి ఎముక కలిసేచోట ఉండే కీళ్లలో, వెన్నుపూసలకు స్నాయువులు అతుక్కునే చోట్లలో రోగనిరోధక వ్యవస్థే మంట రేపుతోంది. దీన్ని యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. తొలిదశలను కూడా కలుపుకుని ఇప్పుడు యాక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్ అంటున్నారు. వదిలేస్తే కొందరిలో పూసకు పూస ఎముకతో అతుక్కుపోతుంది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాల్సి వస్తుంది.

2002లో జర్మనీలో యుర్గెన్ బ్రౌన్ బృందం ఇలాంటి 70 మందిని తీసుకుంది. అదే ఇన్‌ఫ్లిక్సిమాబ్, శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు, ఫిన్‌లాండ్ రెండో పరీక్షలో ఇచ్చినంతే. ఫిన్‌లాండ్‌లో ఒకసారే ఇస్తే ఇక్కడ ఆరు వారాల్లో మూడుసార్లు ఇచ్చారు. పన్నెండో వారానికి జబ్బు తీవ్రత సగానికి సగం తగ్గినవాళ్లు మందు జట్టులో 53 శాతం. ఉత్త సెలైన్ జట్టులో 9 శాతం.

డిస్కు విషయంలో 67, 63. ఇక్కడ 53, 9. ఈ రెండు జతల అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే సూది కథ మొత్తం అర్థమవుతుంది. డిస్కు జారినవాడి నొప్పిలో మంట కొన్నాళ్ల అతిథి. స్పాండిలైటిస్ కుర్రాడిలో మంటే జబ్బు, దానంతట అది చల్లారదు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బుకు 2003లో ఎటనర్‌సెప్ట్‌ను, 2004లో ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను, 2006లో అడాలిముమాబ్‌ను అనుమతించింది. 2016లో వేరే రసాయనాన్ని అడ్డుకునే సెకుకినుమాబ్ వచ్చింది. 2021 చివర్లో టోఫాసిటినిబ్ అనే మాత్రకు కూడా దారి దొరికింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దిన మెథోట్రెక్సేట్ చేతుల కీళ్లవాతానికి ఇప్పటికీ మొదటి మందే. కానీ వెన్నెముకలోని ఈ మంట దాని మాట వినదు. అందుకే ఇక్కడ యాంటీబాడీలకు అంత విలువ.

అయినా సూది మొదటి మెట్టు కాదు. ముందు రోజూ వ్యాయామం, పొగ మానడం, డాక్టర్ పర్యవేక్షణలో వాపు తగ్గించే మాత్రలు. చాలామంది వాటితోనే నెట్టుకొస్తారు. కనీసం రెండు రకాల మాత్రలు వాడినా లొంగనప్పుడే యాంటీబాడీ దాకా వెళ్తారు.

ఏళ్ల తరబడి దొరకని దొంగ

ఈ జబ్బు బయటపడటానికి ప్రపంచవ్యాప్తంగా సగటున ఆరేడేళ్లు పడుతోంది. ఆడవాళ్ల విషయంలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇది మగవాళ్ల జబ్బని చాలాకాలం పొరబడ్డారు. ఆలస్యానికి ఒక కారణం ఎక్స్‌రే. కీళ్లలో మార్పులు అందులో కనపడటానికి ఏళ్లు పట్టవచ్చు. ఇంకో కారణం మనం చేయించుకునే ‘నడుం ఎమ్మారై’. దాని దృష్టంతా డిస్కుల మీద, నరాల మీద. జబ్బు మొదలయ్యే త్రికాస్థి కీళ్లు ఆ చిత్రంలో సరిగా పడకపోవచ్చు. వాటినే ప్రత్యేకంగా తీయమని డాక్టర్ రాయాలి. లేకపోతే వేలు ఖర్చుపెట్టి తీయించిన ఎమ్మారైలో ఎప్పటిలాగే ఒక ‘బల్జ్’ కనపడుతుంది, తప్పు దానిమీదికి పోతుంది.

ఆనవాళ్లు ఇవి:

- నలభై ఏళ్ల లోపే, ఫలానా రోజని చెప్పలేకుండా మొదలై, మూడు నెలలకు మించి వదలని నొప్పి.
- తెల్లవారుజామున నిద్ర లేపే నొప్పి. లేచి తిరిగితే తగ్గుతుంది.
- పొద్దున అరగంటకు మించి నడుం బిగుసుకోవడం.
- పని చేస్తే నయం, పడుకుంటే ఎక్కువ.
- మడమ నొప్పి, ఎర్రబడి మసకేసే కన్ను, సొరియాసిస్, లేదా ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు.

వీటిలో కొన్ని కలిస్తే వెళ్లవలసింది రుమటాలజిస్టు దగ్గరికి. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే రక్తపరీక్ష సాయపడుతుంది. ఈ జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న లంకె 1973లోనే తెలిసింది. కానీ అది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు ఎప్పటికీ రాదు. కాబట్టి ల్యాబ్ కాగితంలో ‘పాజిటివ్’ చూసి బెంబేలు పడకూడదు. లక్షణాలతో కలిపి చదివితేనే దానికి అర్థం.

జడ్చర్ల నుంచి దువ్వాడకు

పరవాడ ఫార్మాసిటీలో మందులు రియాక్టర్లలో రసాయన చర్యలతో తయారవుతాయి. యాంటీబాడీలు అలా పుట్టవు. ఎక్కువగా చైనా హామ్‌స్టర్ అనే చిట్టెలుక అండాశయ కణాలకు జన్యువు ఎక్కించి, పెద్ద తొట్టెల్లో వాటిని పెంచి, అవి విడుదల చేసే ప్రోటీన్‌ను వడపోసి శుద్ధి చేయాలి. ఉష్ణోగ్రత గానీ ఆమ్లత గానీ కాస్త మారినా సరుకు మారిపోతుంది. ధర ఎక్కువ కావడానికి ఇదొక కారణం, పేటెంట్లు ఇంకో కారణం. అడాలిముమాబ్ అసలు బ్రాండ్ హ్యుమిరా ఏళ్ల తరబడి ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడైన మందు.

ఇలాంటి అసలు బ్రాండ్లను పోలిన మందులు, అంటే బయోసిమిలర్లు, తయారుచేయడంలో తెలుగు నేలకు పెద్ద వాటా ఉంది. 2007లో డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి బయోసిమిలర్‌ను తెచ్చింది. అడాలిముమాబ్‌కు తొలి బయోసిమిలర్‌ను 2014లో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ తెస్తే, 2018లో హెటెరో ‘మబూరా’ పేరుతో తనది విడుదల చేసింది. హెటెరో జీవఔషధాల కర్మాగారం ఉన్నది మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్లలో. పోటీ పెరిగి ధర దిగింది. అయినా అడాలిముమాబ్ పదిహేను రోజులకోసారి 40 మిల్లీగ్రాములు చొప్పున నెలల తరబడి వాడాలి. మామూలు జీతగాడికి అది ఇప్పటికీ భారమే. అందుకే మొదలుపెట్టే ముందే ఈఎస్‌ఐ, కంపెనీ వైద్యం, ఆరోగ్య బీమా ఏది ఎంత భరిస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

యాంటీబాడీ కడుపులోకి వెళ్తే జీర్ణమైపోయే ప్రోటీన్, కాబట్టి సూదిగానే తీసుకోవాలి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. హైదరాబాద్‌లోని నిమ్స్ రుమటాలజీ విభాగంలోనో మరోచోటో చూపించుకుని, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దువ్వాడ దిగేవాళ్లు మందు వెంట తెచ్చుకుంటే ఐస్‌ప్యాక్ పెట్టె తప్పనిసరి. మే నెలలో కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకూడదు.

సూదికి ముందు క్షయ పరీక్ష

ఈ ఒక్క అధ్యాయాన్ని దాటేసి సూది వేయించుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. క్షయ క్రిమి చాలామంది ఒంట్లో నిద్రాణంగా ఉంటుంది. రక్తకణాలు దాని చుట్టూ గోడ కట్టి బంధిస్తాయి. ఆ గోడ నిలబడాలంటే టీఎన్‌ఎఫ్ కావాలి. మందుతో టీఎన్‌ఎఫ్‌ను ఆపితే గోడ కూలి క్రిమి బయటపడుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్లలో క్షయ సోకిన 70 ఉదంతాలు 2001లోనే ఒక అమెరికన్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగో వంతు ఉన్న మన దేశంలో ఈ హెచ్చరిక ఇంకా బలంగా వినాలి. రాతి క్వారీల్లో, సిలికా దుమ్ము ఎగిరే పనుల్లో ఉన్నవాళ్లకు క్షయ ముప్పు మామూలుగానే ఎక్కువ.

అందుకే ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా ఇగ్రా పరీక్ష, కామెర్ల బీ, సీ వైరస్ పరీక్షలు. నిద్రాణ క్షయ కనిపిస్తే దానికి మందులు కొన్ని వారాలు వాడాకే యాంటీబాడీ. ఇంకో చిక్కుంది. వెన్నెముకకే క్షయ సోకితే అదీ నడుం నొప్పిగానే మొదలవుతుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

మరి డిస్కు నొప్పివాళ్లకు?

వాళ్లకు చెప్పాల్సింది నిరాశ కాదు. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా రోగులను రెండు జట్లు చేశారు. కొందరికి తొందరగా ఆపరేషన్, మిగతావాళ్లకు ఓపిక పట్టి చికిత్స. ఆపరేషన్ జట్టుకు నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. మంచం పట్టకుండా ఓర్చుకోగలిగినంత తిరగడం, ఫిజియోథెరపీ, అవసరమైతే కొద్దిరోజులు మాత్రలు, తగ్గకపోతే స్టెరాయిడ్ సూది లేదా ఆపరేషన్: ఇదీ వరస. ‘నరాల మాత్ర’గా అందరికీ రాసే ప్రెగాబలిన్‌ను 2017లో సిడ్నీ పరిశోధకులు సయాటికా రోగులపై పరీక్షిస్తే ఉత్త మాత్ర కంటే మెరుగని తేలలేదు. కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది.

మంటను కాక నొప్పి సంకేతాన్నే అడ్డుకునే టనెజుమాబ్ అనే యాంటీబాడీ మీద కూడా కొన్నాళ్లు ఆశ పెట్టుకున్నారు. దీర్ఘకాలిక నడుం నొప్పిలో కొంత గుణం కనపడింది కూడా. అయితే కొందరి కీళ్లు వేగంగా అరిగిపోయాయి. 2021 మార్చిలో కీళ్ల అరుగుదలకు దాన్ని అనుమతించాలా అని అమెరికాలో నిపుణుల కమిటీ కూర్చుంటే 19 మంది కాదన్నారు, ఒక్కరు అవునన్నారు. ఆ ఏడాదే కంపెనీలు దాన్ని విరమించుకున్నాయి.

డిస్కు నొప్పిలో ఆలస్యం చేయకూడని ఘట్టాలు మాత్రం ఉన్నాయి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, పాదం ఎత్తలేక ఈడ్చుకుంటూ నడవడం. ఇవి కనిపిస్తే ఫిజియోథెరపీ, సూదులు అంటూ గడిపేందుకు లేదు. ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్లాలి.

అడగవలసిన ప్రశ్న

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2020 నాటికి నడుం నొప్పితో ఉన్నవాళ్లు 61.9 కోట్లు. వాళ్లలో యాంటీబాడీతో మేలు పొందేది కొద్దిమందే. ఆ కొద్దిమందిలో మన కుర్రాళ్లు, ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లే ‘డిస్కు’ పేరుతో పెయిన్‌కిల్లర్ల మీద ఏళ్లు గడుపుతున్నారు. ఆ మాత్రలు కడుపును, కిడ్నీలను ఏం చేస్తాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఉక్కు, ఫార్మా వంటి ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాల్లో కార్మికులకు ఏటా వైద్యపరీక్షలు చేయడం చట్టంలో ఉన్నదే. చెవి పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేస్తున్న ఆ గదిలోనే నలభై లోపు వాళ్లందరినీ ఒక్కమాట అడగవచ్చు: ‘నడుం నొప్పి ఉందా? ఉంటే పడుకుంటే ఎక్కువా, తిరిగితే ఎక్కువా?’ పడుకుంటే ఎక్కువన్నవాళ్ల పేర్లు వేరే కాగితం మీద రాసి రుమటాలజిస్టుకు పంపాలి. ఇందుకు కొత్త యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. జబ్బు ఆరేడేళ్ల బదులు ఆరు నెలల్లో బయటపడితే వెన్నుపూసలు అతుక్కోకముందే చికిత్స మొదలవుతుంది. కొందరికి సూది అవసరం కూడా రాకపోవచ్చు. యాజమాన్యాలు చేయాలి. చేయకపోతే అడగవలసింది యూనియన్లే.